మీ గిన్నె ఏది?

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పొద్దుటి పనులు ఒక కొలిక్కి వచ్చి, మధ్యాహ్నం వంటకు ఇంకా కాస్త వ్యవధి ఉన్న వేళ ఇది. మీ పొయ్యి మీద పప్పు ఉడుకుతూ ఉండవచ్చు. ఒళ్లో చిక్కుడుకాయల చాట ఉండవచ్చు. ఫరవాలేదు, పని ఆపనక్కరలేదు, చేసుకుంటూనే వినండి. ముందుగా ఒక చిన్న ప్రశ్న. ఈ పూట మీ ఇంట్లో ఎవరెవరు ఏమేమి తిన్నారు? మావారు నాలుగు ఇడ్లీలు, పెద్దవాడు మూడు, చిన్నది రెండు తిని ఒకటి వదిలేసింది, అత్తయ్యగారికి మెత్తగా పాలల్లో కలిపి పెట్టాను అని టకటకా చెప్పేస్తారు. మరి మీరు? ఇక్కడికి వచ్చేసరికి కాస్త ఆలోచిస్తారు. "నాదేముందిలెండి, ఆ చిన్నది వదిలేసిన ముక్క, ఓ గ్లాసు టీ" అంటారు. అవునా, కాదా? ఈ ప్రశ్న ఎందుకు అడిగానో చివర్లో చెబుతాను. ఈలోగా ఒక కొత్తరకం ఫలహారం గురించి ముచ్చటించుకుందాం.

దాని పేరు ఫ్రెంచి పద్ధతి గుడ్ల గిన్నెలు. ఫ్రెంచివాళ్లు దీన్ని "ఎఫ్ అన్ కొకొత్" అంటారు. నోరు తిరగలేదని దిగులు పడకండి, నాకూ తిరగలేదు. వాళ్ల భాషలో "కొకొత్" అంటే మూత పెట్టే చిన్న వంట గిన్నె. చంటిపిల్లల మాటలో అదే కోడిపెట్ట కూడానట. మన పిల్లలు కోడిని "కొక్కొక్కో" అనడం లేదూ, అలాగే! చిన్న చిన్న గిన్నెలకు లోపల వెన్న రాసి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క గుడ్డు పగలగొట్టి పోసి, పైన కాస్త మీగడ వేసి, ఆ గిన్నెలను వేడినీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టి ఓవెన్‌లో పెడతారు. తెల్లసొన పెరుగులా తోడుకుని, పచ్చసొన మాత్రం జారుగా ఉండగానే తీసేస్తారు. కాల్చిన రొట్టెను సన్నని ముక్కలుగా కోసి ఆ పచ్చసొనలో ముంచుకుని తింటారు. అంతే, ఇంత చిన్న వంట.

ఫ్రెంచివాళ్ల వంట మనకెందుకని మా అత్తయ్య కూడా అడిగారు. ఫ్రెంచివాళ్లు మనకు మరీ అంత దూరపువాళ్లేమీ కారు. భద్రాచలంలో రాములవారి గుడి ముందునుంచి పారే గోదావరి, కిందికి పోయి పోయి సముద్రంలో కలవబోయే ముందు గౌతమీ పాయగా యానాం పక్కనుంచి పోతుంది. ఆ యానాం 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నదే. మా చిన్నాడపడుచు భర్త ఉద్యోగరీత్యా వాళ్లు కొన్నాళ్లు ఆ ఊళ్లో ఉన్నారు. పక్కింటి పెద్దావిడ ఒక ఆదివారం పొద్దున్న ఈ గిన్నెలు చేసి పెట్టిందట. మా ఆడపడుచు అది నేర్చుకుని, సంక్రాంతికి మా ఖమ్మం వచ్చినప్పుడు నాకు చెప్పింది. అలా ఏటికి ఎదురు నడిచి మా వంటింటికి చేరిందన్నమాట ఈ ఫలహారం.

దీన్ని పొద్దుటి ఫలహారానికైనా చేసుకోవచ్చును, ఫలహారమూ భోజనమూ ఒకటిగా కలిపేసే ఆలస్యపు పూటకైనా చేసుకోవచ్చును. ఇలా రెండు పూటలు కలిపి తినడానికి ఇంగ్లీషులో "బ్రంచ్" అని పేరు. 1895లో గై బెరింజర్ అనే ఒక రచయిత ఆదివారాలు అలా తినమని సలహా ఇస్తూ వ్యాసం రాశాడు. అది చదివి నాకు నవ్వొచ్చింది. మా కొత్తగూడెం, ఇల్లెందు వైపు బొగ్గుగనుల ఇళ్లలో ఈ సంగతి ఒకరు చెబితే నేర్చుకున్నది కాదు. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మనిషి స్నానం చేసి కూర్చునేసరికి అది ఫలహారం వేళా కాదు, భోజనం వేళా కాదు. ఆ ఇల్లాలు రెంటికీ సరిపోయేటట్టు వేడివేడిగా ఏదో ఒకటి చేసి పెడుతూనే ఉంది. పేరు పెట్టడం తెలియలేదు, అంతే తేడా.

గుడ్డును నూనెలో వేయించకుండా, నీళ్లలో పడేసి ఉడకబెట్టకుండా, మెల్లని వేడికి మగ్గనివ్వడం కూడా మనకు కొత్తేమీ కాదు. మా పుట్టిల్లు పాల్వంచ దాటాక అడవి అంచున ఉన్న ఒక పల్లె. మోదుగ చెట్లు పెరటి గోడకు ఆనుకునే ఉండేవి. అడ్డాకులు, చింతపండు తెచ్చి అమ్మే కోయ అక్క ఒకామె మా ఇంటికి వస్తూ పోతూ ఉండేది. ఒకసారి నాకు జ్వరం తగ్గి నోరు చేదుగా ఉన్నప్పుడు, ఆమె తన బుట్టలోంచి ఒక గుడ్డు తీసింది. మొద్దుగా ఉండే వైపు ముల్లుతో చిన్న చిల్లు పొడిచింది. తడి ఆకుల్లో చుట్టి మా పొయ్యిలోని వేడి బూడిదలో పూడ్చింది. "చిల్లెందుకక్కా?" అని అడిగాను. "లోన గాలుంటది బిడ్డా, దారియ్యకుంటే పేలిపోతది" అన్నది. తరువాత ఎప్పుడో పుస్తకంలో చదివాను, గుడ్డు మొద్దువైపు నిజంగానే ఒక గాలి గది ఉంటుందని. బడికి పోని మనిషి చెప్పిన సైన్సు పాఠం అది. ఆ గుడ్డు రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది.

ఆ రుచి అంతగా గుర్తుండిపోవడానికి ఇంకొక కారణం కూడా ఉంది. చిన్నతనంలో నేను ఒక్కదాన్నే మొత్తంగా తిన్న మొదటి గుడ్డు అదే. మా అమ్మకు ఏడెనిమిది నాటుకోళ్లుండేవి. నాటుకోడి ఏడాదికి 60, 70 గుడ్లకు మించి పెట్టడం అరుదు. అందులో కొన్ని పొదగవేయాలి. కొన్ని సంతకు పోవాలి, ఉప్పుకూ కిరసనాయిలుకూ మా నోటుపుస్తకాలకూ అవే ఆధారం. మిగిలినవి ఎప్పుడన్నా కూర వండితే నాన్నకు ఒకటి, అన్నయ్యకు ఒకటి. నాకూ చెల్లికీ మధ్యన దారంతో కోసి చెరి సగం. అమ్మ ఆఖరున కూర్చుని, ఆ గిన్నెలో అన్నం వేసి పులుసు ఊడ్చి కలుపుకునేది. "నాకు గుడ్డు పడదు" అనేది. మేము నమ్మేవాళ్లం. నా పెళ్లయ్యాక, ఒకసారి పుట్టింటికి వెళ్లినప్పుడు, అమ్మకు వడ్డిస్తూ ఊరికే ఒక గుడ్డు వేశాను. ఏమీ అనకుండా తినేసింది. పడకపోవడమేమీ లేదు. సరిపోయేవి కావు, అదీ సంగతి.

సరే, ఇప్పుడు తయారుచేసే విధానం చెబుతాను. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ఎంతమంది ఉంటే అన్ని గుడ్లు, అన్ని చిన్న గిన్నెలు కావాలి. ఈ లెక్క మాత్రం తప్పవద్దు. పాయసం పోసుకునే చిన్న స్టీలు గిన్నెలు చాలు. పింగాణీ కప్పులైతే చూడముచ్చటగా ఉంటాయి. గాజు గ్లాసులు మాత్రం వద్దు, మామూలు గాజు వేడికి పగులుతుంది. ఐదుగురికి ఐదు గుడ్లు, రెండు కట్టలు తోటకూర లేదా ఒక గుప్పెడు లేత మునగాకు, ఒక ఉల్లిగడ్డ, రెండు పచ్చిమిరపకాయలు, నాలుగైదు చెంచాల మీగడ, కొంచెం వెన్న లేదా నెయ్యి, ఉప్పు, మిరియాల పొడి. ఫ్రెంచివాళ్లు ఉప్పు, మిరియాలతో సరిపెట్టుకుంటారు. పచ్చిమిరపకాయ లేకపోతే మా ఖమ్మం నోటికి ఆనదు కనుక నేను చేర్చాను. మిరపకు పేరు పడ్డ జిల్లా కదా మాది!

గుడ్లు తాజావో కావో చూసుకోవాలి. గిన్నెడు నీళ్లలో వేస్తే తాజా గుడ్డు అడుగున అడ్డంగా పడుకుంటుంది. కొంచెం పాతదైతే అడుగునే ఉండి నిలబడుతుంది. పైకి తేలితే పారేయండి. పాతబడేకొద్దీ లోపలి నీరు ఆవిరై గాలి గది పెద్దదవుతుంది, అందుకే తేలుతుంది. గుడ్లను కొని తేగానే కడిగి దాచేయడం మంచి అలవాటు కాదు. పెంకు మీద సహజంగా ఉండే పల్చని పొర పోయి, మురికి లోపలికి చేరే వీలు కలుగుతుంది. వాడుకునే ముందు కడిగితే చాలు. ప్రతి గుడ్డునూ ముందు ఒక విడి గిన్నెలో పగలగొట్టి చూసి, అప్పుడు పోయండి. ఒక్క చెడిన గుడ్డు మొత్తం వంటను పాడు చేస్తుంది.

ముందుగా ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి సన్నగా తరిగి కొద్ది నెయ్యిలో మగ్గించండి. తరిగిన ఆకుకూర వేసి, తడి పూర్తిగా ఇగిరేదాకా వేయించండి. తడి మిగిలితే గుడ్డు అడుగున నీళ్లు చేరి రుచి పోతుంది. ఉప్పు, మిరియాల పొడి ఈ కూరలోనే కలిపేయండి. గుడ్డు పైన ఉప్పు చల్లితే పచ్చసొన మీద తెల్లని మచ్చలు పడతాయి. గిన్నెల లోపల అంచులదాకా వెన్న రాసి, అడుగున రెండేసి చెంచాల కూర సర్ది, మధ్యలో చిన్న గుంట చేయండి. ఆ గుంటలో పచ్చసొన చితకకుండా గుడ్డు జార్చండి. తెల్లసొన మీద చుట్టూ ఒక చెంచా మీగడ వేయండి. పచ్చసొనను కప్పేయకండి, కప్పేస్తే అది ఎంతవరకు ఉడికిందో తెలియదు.

ఓవెన్ లేదే అనుకుంటున్నారా? మా ఇంట్లోనూ లేదు. వెడల్పాటి అడుగు మందపు గిన్నె తీసుకుని, అడుగున మడిచిన నూలుగుడ్డ పరవండి. గుడ్డ ఉంటే గిన్నెలు కదిలి గలగలలాడవు, అడుగునుంచి వేడి నేరుగా తగలదు. చిన్న గిన్నెలు సగందాకా మునిగేటట్టు వేడినీళ్లు పోసి, గిన్నెలు నిలబెట్టండి. మూతకు శుభ్రమైన తువాలు చుట్టి మూయండి. లేకపోతే మూత మీద పట్టిన ఆవిరి నీరై గుడ్ల మీద కారుతుంది. తువాలు కొసలు కిందికి వేలాడకుండా పైకి ముడి వేయడం మరిచిపోకండి, మంట అంటుకుంటుంది. నీళ్లు తెర్లకూడదు, సన్నగా కదులుతూ ఉండాలి.

ఈ నీళ్ల పళ్లెంలోనే ఉంది కిటుకంతా. నీళ్లు ఎంత కాగినా 100 డిగ్రీలు దాటవు. కనుక గిన్నె చుట్టూ వేడి నెమ్మదిగా, సమంగా ఉంటుంది. తెల్లసొన 62 డిగ్రీల దగ్గర తోడుకోవడం మొదలుపెడుతుంది. పచ్చసొన 65 దగ్గర చిక్కబడి, 70 వచ్చేసరికి గట్టిపడుతుంది. పెనం మీద ఈ తేడా పట్టుకోవడం మన చేతిలో ఉండదు. నీళ్లలో అయితే ఉంటుంది. పల్చని స్టీలు గిన్నెలకు ఆరేడు నిమిషాల్లో తెల్లసొన తోడుకుని పచ్చసొన జారుగా ఉంటుంది. పది, పన్నెండు నిమిషాలుంచితే రెండూ గట్టిపడతాయి. పింగాణీకి మరో మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. గిన్నె దించాక కూడా ఆ వేడికి లోపల ఉడుకుతూనే ఉంటుంది కనుక, కావలసినదానికి ఒక నిమిషం ముందే తీయండి. ఓవెన్ ఉన్నవారు 180 డిగ్రీల దగ్గర నీళ్ల పళ్లెంలో పెట్టి పన్నెండు, పదిహేను నిమిషాలు ఉంచవచ్చును.

ఒక హెచ్చరిక. జారుడు పచ్చసొన రుచిగా ఉంటుంది, నిజమే. కాని గుడ్డులో ఒక్కొక్కసారి సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండి వాంతులు, విరేచనాలు తెస్తుంది. గర్భిణులకు, చంటిపిల్లలకు, ముసలివారికి, జబ్బుపడి లేచినవారికి పచ్చసొన పూర్తిగా గట్టిపడేదాకా ఉడికించే పెట్టండి. ఇంకొక సంగతి, గుడ్డు పచ్చిగా తాగితే బలమన్న మాట నమ్మకండి. పచ్చి తెల్లసొనలోని ఒక మాంసకృత్తి బయోటిన్ అనే విటమినును ఒంటికి అందనివ్వదు. ఉడికిన గుడ్డే బాగా ఒంటబడుతుంది.

ఇన్ని గిన్నెలు కడగడం ఎవరివల్ల అవుతుంది అనేవారికి ఒక సులువు. ఇడ్లీ పళ్లేలకే వెన్న రాసి, గుంటకొక గుడ్డు పోసి ఇడ్లీపాత్రలో పెట్టండి. గుంటలకు చిల్లులుంటే అడుగున చిన్న ఆకుముక్క వేయండి. మా భద్రాచలం వైపు ఆకులకు కరువు లేదు కనుక, మోదుగాకు దొప్పలు శుభ్రంగా కడిగి ఆ గుంటల్లో కూర్చి చేస్తే, ఆకు వాసనతో గుడ్డు ఎంత కమ్మగా ఉంటుందో తిని చూడవలసిందే. గుడ్డు తినని ఇళ్లవారు నానబెట్టి రుబ్బిన పెసరపప్పులో ఇదే ఆకుకూర కలిపి, ఇవే గిన్నెల్లో ఆవిరికి పెట్టుకోవచ్చును. పక్కన జొన్నరొట్టె గాని, దిబ్బరొట్టె గాని ఉంటే ఇక ఆ పూటకు మరే వంటా అక్కరలేదు.

ఇప్పుడు మా ఇంట్లో మొదటిసారి చేసిన ఆదివారం సంగతి చెప్పాలి.

మా ఇంట్లో ఐదుగురం. అత్తయ్య, మావారు, నేను, పదమూడేళ్ల అమ్మాయి, పదేళ్ల బాబు. ఆ ఉదయం నేను నాలుగు గిన్నెలు పెట్టాను. ఆలోచించి పెట్టింది కాదు. చేతికి అలా అలవాటైపోయింది. వేడివేడిగా తెచ్చి ముందు పెడితే అందరూ సంబరపడ్డారు. బాబు తన గిన్నె గబగబా నాకేసి, "ఇంకోటుందా అమ్మా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపలే మా అమ్మాయి తన గిన్నె వాడివైపు తోసేసింది. "నువ్వు తినరా, నాకంత ఇష్టం లేదులే" అన్నది.

అక్కచెల్లెళ్లారా, ఆ మాట నాకు గుండెలో గుచ్చుకున్నది. ఎందుకంటే అది దాని మాట కాదు. మా అమ్మ మాట. ఆ ఎత్తు, ఆ విరుపు, చివరి "లే" దాకా అచ్చం మా అమ్మే. అదే మాట నేను ఎన్నిసార్లు అన్నానో దేవుడికెరుక. నేను దానికి ఆ మాట నేర్పలేదు. కూర్చోబెట్టి చెప్పలేదు. కాని రోజుకు మూడు పూటలా నన్ను చూసి అది నేర్చుకున్నది. మనం పిల్లలకు నోటితో చెప్పినవి సగం చెవిన పడవు. చేసి చూపించినవి మాత్రం ఒక్కటీ వృథా పోదు.

నేను ఏమీ అనలేకపోయాను. మా అత్తయ్య అన్నారు. గిన్నెల వైపు చూసి, నా వైపు చూసి, "అవునే, నీ గిన్నె ఏది?" అన్నారు. ఆవిడ కూడా ఎన్నేళ్లు అడుగున మిగిలింది తిన్న మనిషో! మావారు తలెత్తి చూశారు. ఆయనది తప్పని నేననను. పెళ్లయి ఇన్నేళ్లలో నేను ఎదురుగా కూర్చుని తినడం ఆయన చూసి ఉంటే కదా, నేను తినలేదని తెలియడానికి.

ఆ మాట నేను తేలికగా తీసుకోలేకపోవడానికి మరొక కారణం ఉంది. అంతకు రెండు నెలల ముందు, బట్టలు ఆరేస్తూ కళ్లు తిరిగి మేడమెట్ల మీద కూలబడ్డాను. పరీక్ష చేయిస్తే రక్తం ఎనిమిదిన్నర ఉంది. ఆడవారికి 12 ఉండాలి, అంతకన్నా తగ్గితే రక్తహీనత కిందే లెక్క. డాక్టరమ్మ మాత్రలు రాసి ఇచ్చి, "ఇంట్లో ఏం తింటారమ్మా?" అని అడిగింది. నేను ఇంట్లో ఏం వండుతానో చెప్పాను. "వండేది కాదు, తినేది చెప్పండి" అన్నది. నాకు నోట మాట రాలేదు. ఇది నా ఒక్కదాని బాధ కాదు. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే మీ వీధిలో పదిమంది ఇల్లాళ్లు నిలబడితే, అందులో ఐదారుగురు.

మా అమ్మ కాలంలో గుడ్లు తక్కువ, తినే నోళ్లు ఎక్కువ. సర్దుకోక తప్పలేదు. ఇప్పుడా కొరత ఏది? ఫారం కోడి ఏడాదికి 300 గుడ్లు పెడుతోంది. డాక్టరు బి.వి. రావుగారి చొరవతో 1982లో రైతులంతా కలిసి జాతీయ గుడ్ల సమన్వయ సంఘం పెట్టుకున్నాక, ప్రతి కిరాణాకొట్టుకూ గుడ్ల అట్టలు వచ్చి చేరాయి. పెరట్లో పెంచుకునేవారి కోసం హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థవారు వనరాజా, గ్రామప్రియ అనే జాతులు తయారుచేశారు. అవి నాటుకోడి లాగే తిరిగి మేస్తాయి, గుడ్లు ఎక్కువ పెడతాయి. దేశంలో గుడ్లు పెరిగాయి. మన విస్తట్లో మాత్రం పెరగలేదు. కొరత పోయినా, కొరతనాటి అలవాటు పోలేదు.

ఈ అలవాటు ఎంత గట్టిదో ప్రభుత్వానికి కూడా తెలుసు. తెలంగాణలో 2015 జనవరి 1న ఆరోగ్యలక్ష్మి అనే పథకం మొదలుపెట్టారు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలతో ఒక పూట పూర్తి భోజనం. దాన్ని అంగన్‌వాడీ కేంద్రంలోనే కూర్చోబెట్టి పెట్టాలని నియమం చేశారు. ఇంటికెందుకు ఇవ్వకూడదు? ఇంటికి ఇస్తే ఆ గుడ్డు ఎవరి కంచంలోకి పోతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మనం మన గుడ్డు మనం తినాలంటే ఎదురుగా ఒకరు కూర్చుని కాపలా కాయవలసి వచ్చిందన్నమాట! ఇది నవ్వుకోవలసిన సంగతా, సిగ్గుపడవలసిన సంగతా, మీరే చెప్పండి.

ఇంత చెప్పాను గనుక గుడ్డు ఏమి ఇస్తుందో, ఏమి ఇవ్వదో కూడా చెప్పడం న్యాయం. ఒక గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులుంటాయి. మన ఆడవారికి రోజుకు సుమారు 45 గ్రాములు కావాలి. పచ్చసొనలో ఏ విటమిను, బి12 ఉంటాయి, కనుక దాన్ని తీసి పారేయకండి. ఇనుము మాత్రం ఒక మిల్లీగ్రాముకు అటూ ఇటూగానే ఉంటుంది, మనకు రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు. కాబట్టి రోజూ గుడ్డు తింటే రక్తం పట్టేస్తుందని నేననను. ఆకుకూరలు, పప్పులు, జొన్నలు, సజ్జలు, తినేవారైతే మాంసం, కాలేయం కూడా కావాలి. గుడ్డులో సి విటమిను ఉండదు. అందుకే ఈ గిన్నె పక్కన ఒక నిమ్మచెక్క పెట్టుకుని పిండుకోండి, ఆకుకూరలోని ఇనుము బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే టీ తాగకండి. టీ ఆ ఇనుమును అడ్డుకుంటుంది. ఒక గంట ఆగండి. డాక్టరు మాత్రలు రాసి ఇస్తే, గుడ్డు తింటున్నాం కదా అని అవి మానకండి.

తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం అని మన పెద్దలు ఊరికే అనలేదు. పెట్టుబడే మునిగిపోతే లాభమెక్కడిది? ఇల్లాలే కూలబడితే ఇల్లెక్కడిది? పిల్లలకు పెట్టవద్దని, భర్తకు పెట్టవద్దని నేను చెప్పడం లేదు. లెక్క సరిగా వేయమంటున్నాను, అంతే. కూరగిన్నె అయితే ఎవరికెంత పోయిందో తెలియదు, అడుగున పులుసు మనకు మిగులుతుంది. ఈ ఫ్రెంచి గిన్నెల్లో నాకు నచ్చిన సుగుణం అదే. మనిషికొక గిన్నె. కోసి సగం చేయడానికి వీల్లేదు. ఒకటి తక్కువైతే ఇంట్లో అందరికీ కనిపిస్తుంది.

ఆ మరుసటి ఆదివారం ఐదు గిన్నెలు పెట్టాను. అందరితోపాటు కూర్చున్నాను. నిజం చెప్పవద్దూ, మొదటి చెంచా నోట పెట్టుకుంటే ఏదో దొంగతనం చేసినట్టుగా అనిపించింది. బాబు మళ్లీ ఇంకోటి కావాలన్నాడు. మా అమ్మాయి నా వైపు చూసింది. నేను కదలలేదు, నా గిన్నె నేను తిన్నాను. అది కూడా తన గిన్నె తాను ఖాళీ చేసింది. బాబుకు ఏమీ కాలేదు. ఒక రొట్టెముక్క ఎక్కువ తిని ఆడుకోవడానికి పోయాడు. పోయిన వేసవిలో మా అమ్మ వచ్చినప్పుడు ఆరు గిన్నెలు పెట్టాను. "నాకు పడదే" అన్నది అలవాటు కొద్దీ. "తెలుసులే అమ్మా, తిను" అన్నాను. తిన్నది. ఆకులో కాల్చిన గుడ్డు వాసన వస్తోందన్నది.

ఈ ఆదివారం మీరూ చేసి చూడండి. ఉప్పు కాస్త తక్కువైనా, పచ్చసొన కాస్త గట్టిపడినా కొంప మునగదు. పొయ్యి మీద పెట్టే ముందు ఒక్కసారి గిన్నెలు లెక్కపెట్టండి, తరువాత ఇంట్లో మనుషులను లెక్కపెట్టండి. ఆ లెక్కలో మిమ్మల్ని మీరు మరిచిపోకండి. మీ ఆడపిల్ల చూస్తూ ఉంటుంది.